తప్పిపోయిన పెద్ద చేప

హార్లింగెన్ రేవు పక్కవీధిలో, వీబె ఇంటి ముందుగదిలో గోడంత ఉప్పునీటి అక్వేరియం ఉండేది. అందులో వేలెడేసి క్రోమిస్ చేపలు లేతాకుపచ్చగా మెరుస్తూ గుంపుగా తిరిగేవి. గుంపన్నది పేరుకే. పెద్దది మిగతావాటిని తరిమేది. అవి తమకంటే చిన్నవాటిని తరిమేవి. అన్నిటికన్నా బక్కది తోక చిరిగిపోయి, పంపు వెనక నక్కి బతికేది.

ఆ బక్కదానికి వీబె తన భార్య పేరు పెట్టాడు.

"అదిగో, మూలన చూడు, మా రిన్స్కె. ముందు తిండి పడేసినా తినడం చేతకాదు," అన్నాడు, ఆదివారం కాఫీకి వచ్చిన చెల్లెలు బౌక్యెతో.

"అచ్చం వదినే! ఆ బిక్కమొహం చూడు," బౌక్యె పగలబడి నవ్వింది.

రిన్స్కె కేకు కోస్తూ, "దాన్ని విడిగా జాలీపెట్టెలో ఉంచుదాం వీబె, బతుకుతుంది," అంది.

"ఉంచితే ఇంకోదాని మీద పడతాయి. ఎవరో ఒకరు తన్నులు తినాలిగా!"

మరుసటి ఆదివారానికి అది చచ్చింది. వీబె దాన్ని వలతో తీసి, రిన్స్కె కాఫీ సాసర్లో బిస్కెట్టు పక్కన పెట్టాడు.

"నీ అంత్యక్రియలకి నీకే పిలుపు!"

అన్నాచెల్లెళ్ళకి నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళొచ్చాయి. రిన్స్కె సాసరు కడిగి బోర్లించింది.

ఆ వారంలోనే వీబె మోకాళ్ళు చూపించుకోవడానికి లేవార్డెన్ ఆసుపత్రికి వెళ్ళాడు. రిన్స్కె నీళ్ళలో వేలు పెట్టగానే పెద్ద చేప నమ్మకంగా పైకొచ్చింది. వీబె చేతి తిండికి అలవాటుపడ్డది మరి. దాన్ని బకెట్లో వేసుకుని రేవుకు నడిచింది. ఫిబ్రవరి చలి. వెచ్చటి సముద్రంలో పుట్టిన చేప ఆ నీళ్ళలో ఏమవుతుందో ఆమెకు తెలుసు. తెలిసే పోసింది. అది ఒక్కసారి వణికి, పక్కకు ఒరిగి, నోరు తెరుస్తూ మూస్తూ తేలింది. సీగల్ పక్షి ఒకటి వాలి ఎత్తుకుపోయేదాకా రిన్స్కె కదల్లేదు. ఆ తర్వాత విపరీతంగా ఆకలేసింది. అక్కడే బండి మీద వేయించిన చేపముక్కలు కొనుక్కుని, నిలబడి, వేళ్ళు నాక్కుంటూ తింది.

"నా పెద్దోడేడే?" సాయంత్రం వీబె కేకపెట్టాడు.

"బయటికి దూకిందేమో. మూత సరిగ్గా వేశావా?"

వీబె మొహం పాలిపోయింది. ఆ చేపంటే అతనికి నిజంగానే ప్రాణం. కనీసం శవమైనా దొరకాలని పంతం పట్టి, రోజూ ఇల్లంతా వెతికాడు.

తొట్టిలో అప్పటికే రెండో చేప పెత్తనం అందుకుని మరో బక్కదాని తోక కొరుకుతోంది. రిన్స్కె చూసింది, పట్టించుకోలేదు. ఆ రోజుల్లో ఆమెకు కంటినిండా నిద్ర పట్టేది.

నిజం చెప్పేయొచ్చు. చెబితే వెతకడం మానేస్తాడు.

వాచిన మోకాళ్ళ మీద వీబె నేలంతా పాకుతున్నాడు. నుదురంతా చెమట. రిన్స్కె ఓ చేత్తో కాఫీ తాగుతూ, ఇంకో చేత్తో అతనికి టార్చి పట్టింది.

"బీరువా కింద లేదే," అన్నాడు ఏడుపుగొంతుతో.

"ఇంకొంచెం లోపలికి వంగు," అంది రిన్స్కె. "వంగితేగా కనిపించేది."