కెముంటో చోటు

లారీ వెనక్కి వచ్చింది. చక్రం కింద పడిన చిన్న డబ్బా ఠప్పున పగిలింది. నైరోబీలోని కిసిమా బస్తీలో మూడు వందల మంది కళ్లప్పగించి చూశారు.

బోసిబోరి కూడా చూసింది. అది ఆమె కూతురు కెముంటో డబ్బా. ఐదు లీటర్లది, పిడికి ఎర్ర పేలిక కట్టి ఉండేది. ఆ పిల్ల కలరాతో పోయి ఐదు వారాలైంది. అయినా బోసిబోరి రోజూ తెల్లవారగానే తన పెద్ద డబ్బా వెనక ఆ చిన్నదాన్నీ కుళాయి లైనులో పెట్టేది. నిండితే ఇంటికి తెచ్చి మూలన ఉంచేది. మర్నాడు గుమ్మం ముందు పారబోసి మళ్లీ ఖాళీ డబ్బాతో వచ్చేది. గుక్కెడు నీళ్లకు జుట్లు పట్టుకునే బస్తీలో ఎవరూ ఆమెను ఇదేమిటని అడగలేదు.

కిసిమాలో డబ్బా ఉంటే మనిషి ఉన్నట్టే. మనిషి బట్టలుతకడానికి పోయినా, ఇటుకలు మోయడానికి పోయినా వెనకవాళ్లు కాలితో ఆ డబ్బాను ముందుకు నెడతారు. ఐదు వారాలుగా కెముంటో డబ్బానూ అలాగే నెట్టారు.

ఆ లైనునే ఆ పొద్దున లారీతో వచ్చిన కాంట్రాక్టరు మనుషులు కాళ్లతో తన్నారు. కుళాయి పెరికేశారు. పక్కన లేస్తున్న ఎనిమిది అంతస్తుల ఫ్లాట్లకు అక్కడ గేటు కావాలట.

"నీళ్లు కావాలా? ఎక్కడినుంచి వచ్చారో ఆ పల్లెలకే పోండి!" అని మేస్త్రీ అరిచాడు. నైరోబీ గోడలన్నీ ఆ పల్లెలవాళ్లు కట్టినవే. ఆ సంగతి వాడికి తెలియదా!

బోసిబోరికి ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. ఎర్ర పేలిక ఏరి కొంగున ముడేసుకుంది, అంతే.

మధ్యాహ్నం రేకుల చర్చిలో జనం కూడారు. చపాతీలమ్మే నఫూలా సర్కారువారి చీఫ్ ఆఫీసుకు పోదామంది.

"ఎన్నిసార్లు పోతావే తల్లీ? ఆ బెంచీ అరిగింది గానీ మన పని కాలేదు" అన్నాడు చెప్పులు కుట్టే ఒకుము ముసలాయన.

వెల్డింగు చేసే బరాసా లేచాడు. "సిమెంటుకు నీళ్లు తెచ్చే ట్యాంకరును తగలబెడదాం!"

"తగలబెట్టరా, తగలబెట్టు! మన ఇళ్లు కూల్చడానికి వాళ్లకు కావాల్సింది అదే" అని కసిరాడు ముసలాయన.

గోల లేచింది. ఆ గోలలో బోసిబోరి నిలబడింది. ఐదు వారాల్లో ఆమె నలుగురిలో మాట్లాడింది లేదు. అందరూ అటు తిరిగారు.

"అప్పుడు మూడు రోజులు కుళాయి రాలేదు" అంది, ఎవరి సంగతో చెబుతున్నట్టు. "పిల్ల దాహం దాహం అని ఏడ్చింది. మురిక్కాలవ పక్క పైపు నీళ్లు నా చేత్తోనే తాగించా. ఆ మూడు రోజులూ సిమెంటుకు నీళ్లు వచ్చాయి. గోడ లేస్తా ఉంటే చూస్తా కూచున్నా."

ఆమె కొంగు ముడి తడుముకుంది.

"నీళ్లెక్కడుంటే లైను అక్కడ పెట్టాలి. రేపు ట్యాంకరు ముందు పెడదాం."

పొద్దున్నే ఫ్లాట్ల గేటు ముందు నాలుగు వందల డబ్బాలు నిలిచాయి. మొదటిది బోసిబోరిది. దాని వెనక డబ్బా పట్టేంత జాగా ఖాళీగా ఉంది. బరాసా అక్కడ తనది పెట్టబోతే నఫూలా చెయ్యి పట్టుకుంది.

"వెనక్కి జరుపు. అది కెముంటో చోటు."

ట్యాంకరు వచ్చి ఆగింది.

"ఎక్కించవయ్యా! ప్లాస్టిక్ డబ్బాలేగా!" అని మేస్త్రీ చిందులేశాడు.

డ్రైవరు ముటిసో ఇంజను ఆపి కిందికి దిగాడు. "మా బస్తీలో నా పెళ్లాం డబ్బా కూడా ఇట్టాగే లైన్లో ఉంటది సార్. లైను తొక్కి నేను ఇంటికెట్టా పోను?" తాళాలు మేస్త్రీ చేతిలో పెట్టి పక్కకెళ్లి నిలబడ్డాడు.

పోలీసులు వచ్చారు. లైను మొదట్లో ఎవరుంటే వాళ్లే లీడరని వాళ్ల లెక్క.

"నీ పేరేంటి?"

పిల్లల పేరుతో తల్లిని పిలవడం అక్కడి అలవాటు. బిడ్డ పోయాక ఆమెను ఏమని పిలవాలో తెలియక బస్తీ అంతా పిలవడమే మానేసింది.

"కెముంటో అమ్మని" అంది బోసిబోరి.

ఆమెను వ్యాను ఎక్కించారు. ఒకుము ముసలాయన గొంతు చించుకున్నాడు. "తీసుకుపోండయ్యా! రేపు ఈ లైను మీ స్టేషను ముందుంటది!"

బోసిబోరి జాలీలోంచి చూసింది. నఫూలా ఆమె డబ్బాను కాలితో ముందుకు నెట్టింది. వెనక నాలుగు వందల డబ్బాలు గరగరమని ఒక్క అడుగు జరిగాయి. లాఠీలు లేచాయి, దెబ్బలు పడ్డాయి. లైను చెదరలేదు. బరాసా ట్యాంకరు కుళాయి తిప్పాడు.

బోసిబోరి డబ్బా నిండింది. నఫూలా దాన్ని పక్కకు తీసింది. ఇప్పుడు కుళాయి కిందికి ఖాళీ చోటు వచ్చింది. నీళ్లు నేల మీద పడుతున్నాయి. నోరెండి నిలబడ్డ అంత జనంలో ఒక్కరూ ముందుకు తోసుకురాలేదు. ఐదు లీటర్లు నిండేంతసేపు ఆగారు.

వ్యాను కదిలింది. కొంగు ముడి గుప్పిట్లో బిగించి బోసిబోరి వెక్కి వెక్కి ఏడ్చింది. వెనక, బరాసా డబ్బా ముందుకు జరిగింది.