పెద్దసారు కుండీ

స్టేప్లర్ కన్నా కాస్త పెద్దగా ఉన్న ఆ పెట్టెను చూసి జీవశాస్త్ర విభాగం పెద్దసారు పెదవి విరిచాడు. డీఎన్‌ఏలోని అక్షరాలు చదివే యంత్రమట! చిన్న మేడం మూడేళ్లు కాళ్లరిగేలా తిరిగి, దాన్ని విశ్వవిద్యాలయం నుంచి నెలరోజులకు తెచ్చుకుంది. శుక్రవారంలోగా పెద్దసారు సంతకం పడితే అది డిగ్రీ పిల్లల దగ్గరే ఉండిపోతుంది. లేదంటే వచ్చిన దారినే పోతుంది, ఆవిడ మళ్లీ పుస్తకంలో బొమ్మ చూపించి "ఊహించుకోండర్రా" అనాల్సిందే.

"డిగ్రీ పిల్లలకి ఇవన్నీ ఎందుకమ్మా? కళ్లున్నాయి, భూతద్దం ఉంది" అన్నాడు పెద్దసారు. అని ఊరుకున్నాడా, కిటికీలో కుండీ చూపించాడు. "మీ పెట్టె దీని పేరు సరిగ్గా చెబితే సంతకం పెడతాను."

ఆ కుండీ అంటే కాలేజీ అంతటికీ హడల్. ప్రపంచంలో మూడు కొండల మీదే దొరికే మొక్క అని దాని బోర్డు చెబుతుంది. పెద్దసారు వయసులో ఉన్నప్పుడు కొండెక్కి తెచ్చాడు. కొత్తగా చేరిన పిల్లల్ని ఏటా దాని ముందు చేతులు కట్టించి నిలబెడతారు.

పిల్లలు రెండాకులు కోసి, నూరి, వడకట్టి, చుక్క చుక్కగా గొట్టాల్లో పోశారు. చివరికి ఆ చుక్కల్ని పెట్టెలోకి ఎక్కిస్తే లాప్‌టాప్ మీద అక్షరాలు బారులు తీరాయి. గది గదంతా ఒకటే గోల! వాటిని తెలిసిన మొక్కల జాబితాతో పోల్చి చూస్తే వచ్చిన జవాబు: గోడ పగుళ్లలో మొలిచే పిచ్చిమొక్క.

మేడం నమ్మలేదు. ఏదో కలిసిపోయి ఉంటుందని కొత్త గ్లవ్స్ వేయించింది, బల్లలు తుడిపించింది, కల్తీ ఉంటే తెలిసేలా పక్కనే ఉత్త నీళ్ల గొట్టం కూడా పెట్టించింది. నీళ్లలో ఏమీ రాలేదు. ఆకులో మళ్లీ పిచ్చిమొక్కే. మూడోసారీ అదే.

"మేడం, బోర్డు మీదున్న పేరు చెప్పేద్దాం. పెట్టె నోరు తెరిచి కాదంటుందా ఏంటి?" అంది పిల్లలందరూ 'తొందర' అని పిలిచే అమ్మాయి. నిజం చెప్పొద్దూ, మేడానికీ మనసు అటే లాగింది.

గురువారం మధ్యాహ్నం తోటమాలి చెమటలు కక్కుతూ వచ్చాడు. పిల్లల నోట్లో ఏ మాట దాగుతుంది కనక?

"అమ్మా, నా కొంప ముంచకండి. తొమ్మిదేళ్ల కిందట జ్వరంతో పదిరోజులు రాలేదు. వచ్చి చూస్తే ఆ మొక్క కాస్తా ఎండిపోయింది. అచ్చం అలాంటిదే వెనక గోడ దగ్గరుంటే తెచ్చి నాటేశాను. తెలిస్తే సారు గుండె ఆగిపోతుందమ్మా."

"నీ పేరు ఎత్తను బాబాయ్" అంది మేడం. ఎత్తకుండా నిజం ఎలా చెప్పాలో మాత్రం ఆవిడకు పాలుపోలేదు. అబద్ధం చెప్పి నిలబెట్టుకున్న యంత్రంతో పిల్లలకు ఏం పాఠం చెబుతుంది?

శుక్రవారం పొద్దున్నే పెద్దసారు గదికి వెళ్లి, సంతకం పెట్టాల్సిన కాగితం ఆయన ముందు పెట్టింది. "సార్, అది పిచ్చిమొక్క. మూడుసార్లు చదివాం, మూడుసార్లూ అదే వచ్చింది."

గుమ్మం దగ్గర మూగిన పిల్లల మొహాన పెద్దసారు తలుపు వేసేశాడు. ఇక చీవాట్లే అనుకుంది ఆవిడ. ఆయన మాట్లాడకుండా కాగితం లాక్కుని సంతకం గీకేశాడు.

"అసలుది పన్నెండేళ్ల కిందటే పోయిందమ్మా. నీళ్లు ఎక్కువ పోసి నేనే చంపాను. పరువు పోతుందని, మాలి లేనప్పుడు చూసి, వెనక గోడ దగ్గర్నుంచి ఇంకోటి తెచ్చి పెట్టాను. మొహమాటానికి మీరు బోర్డు మీద పేరు చదివేస్తారేమో చూద్దామనుకున్నాను."

 పెద్దసారు గొంతు బాగా తగ్గించాడు.

"ఒక్కటే మాట. ఈ సంగతి మన మాలికి మాత్రం తెలియనివ్వకండి. దాన్ని ప్రాణంలా చూసుకుంటున్నాడు. తెలిస్తే తట్టుకోలేడు, పాపం."

"చెప్పను సార్" అంది చిన్న మేడం, పొంగుకొస్తున్న నవ్వును దగ్గులోకి మింగేస్తూ.