మూడో చరణం

మా అన్న అనీసియో వేళ్లు వంకరపోవడానికి పోలీసులే కారణం. అప్పట్లో రియోలో కంజీర పట్టుకుని సాంబా పాడుతూ వీధిలోకి వస్తే చాలు, సోమరిపోతు అంటూ లోపల వేసేవాళ్లు. అన్న కంజీర పగలగొట్టి, దాన్ని వదలని వేళ్లను బూటుతో తొక్కారు. ఇప్పుడు ఆ సాంబాయే దేశానికి గర్వకారణమని రేడియో పొద్దస్తమానం ఊదరగొడుతోంది. వింటుంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

అంతకన్నా మంట రేడియో గాయకుడు వల్దీర్ మీద. ఒక ఆదివారం మేముండే కొండమీది పేటకు వచ్చి, నేను వండిన నల్లచిక్కుళ్ల కూర రెండుసార్లు పెట్టించుకుని తిని, అన్న కొత్తపాట విని వెళ్లాడు. నెల తిరక్కుండానే అది రికార్డుగా వచ్చింది, తన పేరుతో. "పోనీలే జుల్మీరా" అన్నాడు అన్న. నేను పోనిచ్చే రకం కాదు. ఆ పాట ఎవరిదో దేశమంతా వినాలని పంతం పట్టాను.

కార్నివాల్‌కు మంత్రిగారు వస్తున్నారనీ, వల్దీర్ "తన" పాటను మా కొండవాళ్లతో కలిసి పాడతాడనీ, రేడియోలో అప్పటికప్పుడే వినిపిస్తారనీ కబురొచ్చింది. పల్లవి అందుకునే ఆడవాళ్లకు పెద్దను నేనే. నవ్వుతూ సరేనన్నాను.

మాలో పల్లవి ఒక్కటే అందరిదీ. చరణాలు మాత్రం పాట కట్టినవాడు అక్కడికక్కడే అల్లాలి, ఒకసారి పాడింది మళ్లీ పాడకూడదు. రికార్డులో పట్టేవి రెండే. వల్దీర్ దగ్గరున్నవీ ఆ రెండే.

కార్నివాల్ నాడు మంత్రిగారి ముందు ఆ రెండూ పాడేసి, చేతులూపి వెళ్లబోయాడు. నేను మళ్లీ పల్లవి ఎత్తుకున్నాను. నలభైమంది ఆడవాళ్లం వెడల్పాటి పావడాలతో గుండ్రంగా తిరుగుతూ దారి మూసేశాం. గత్యంతరం లేక మొదటి చరణమే మళ్లీ పాడాడు. మా చప్పట్లు ఆగిపోయాయి.

"అయిపోయిందమ్మా" అని గొణిగాడు చెమట తుడుచుకుంటూ.

"కట్టినవాడివి నువ్వే కదా బాబూ, మూడోది కట్టు" అన్నాను. మైకులో పడేలాగే అన్నాను.

వాడు మైకు వదిలేసి వెనక్కి జరిగాడు. అప్పుడు అన్నను పిలిచాను. అన్న వంకరవేళ్లతో మైకు పట్టుకుని మూడో చరణం అందుకున్నాడు. మా కొండ పేరు, తన పేరు, పగిలిన కంజీర, దాన్ని తొక్కిన బూటు, అన్నీ అందులో వచ్చాయి. మంత్రిగారి బూటు దానికే తాళం వేస్తోంది.

వల్దీర్ జారుకోబోతే జబ్బ పట్టుకుని ఆపాను.

"ఎక్కడికి? పల్లవి అందరిదీ. చప్పట్లు కొట్టు."

అన్న ఇంకో ఎనిమిది చరణాలు అల్లాడు. అన్నీ అయ్యేదాకా వాడిచేత కొట్టించాను.