వేధశాలలో మిగిలిన రోజు

పొద్దున ఎనిమిదింటికి గుట్ట మీది వేధశాల తలుపు తాళాలమ్మ తెరుస్తుంది. తాళంచెవిని రెండుసార్లు కుడికి తిప్పి, బిగుసుకుపోయిన తలుపును మోకాలితో ఒక్క పోటు పొడిచి, "రండి నాయనా" అంటుంది. ఆమె వెనక పనివాళ్లు ఎవరి చోటికి వాళ్లు చేరుకుంటారు. రేకుల పనివాడు గోపురం మీదికి, వడ్రంగి మెట్ల దగ్గరికి, గడియారాలాయన కింద ఉత్తరపు గదిలోకి. మూడు నెలలుగా ఇదే వరస.

నక్షత్రాలు చూడడానికి నూటపాతికేళ్ల కిందట కట్టిన భవనం అది. యాభై ఏళ్లుగా మూతబడి ఉంది. గోపురం తిరగడం మరిచిపోయింది. ఆకాశం కనబడవలసిన చీలిక తుప్పు పట్టి మూసుకుపోయింది.

"ఇన్నేళ్లూ అద్దె లేకుండా కాపురమున్న పావురాలు, ఖాళీ చెయ్యమంటే నన్ను చూసి గుర్రుమంటున్నాయి" అన్నాడొకరోజు రేకుల పనివాడు.

"నీ మొహం చూస్తే నాకే గుర్రుమనాలనిపిస్తుంది. వాటినేం అంటావులే" అన్నాడు వడ్రంగి కింద నుంచి.

గడియారాలాయన నవ్వలేదు. ఆయనకు మాటలు తక్కువ. ఆయన వంతుకు వచ్చింది గోడలోకి బిగించిన నిలువెత్తు గడియారం. దాని పక్కనే గోడ పొడవునా నలభై సొరుగుల బీరువా ఉంది. తాళాలమ్మ తండ్రి ఇక్కడ చివరి పరిశీలకుడు. నలభై ఏళ్లు పనిచేసి, ఏడాదికి ఒక రోజు చొప్పున మిగిల్చి ఆ సొరుగుల్లో దాచాడు. ఎలా మిగిల్చాడో మాత్రం ఎవరికీ చెప్పలేదు. అవసరం పడినవాళ్లు గుట్టెక్కి వచ్చి అడిగి ఒకటి తీసుకునేవాళ్లు. వాన ముంచుకొస్తుంటే కోత మిగిలిపోయిన రైతు ఒకటి తీసుకున్నాడు. రేపటి పెళ్లికి బట్టలు కుట్టి ఇవ్వలేకపోయిన దర్జీ ఒకటి. సొరుగు లాగితే, తీసుకున్నవాళ్లకూ ఎవరికోసం తీసుకున్నారో వాళ్లకూ ఒక నిండు రోజు గడుస్తుంది. మిగతా లోకం ఉన్నచోటే ఆగి ఉంటుంది.

అలా ముప్పైతొమ్మిది ఖాళీ అయ్యాయి. చివరి సొరుగు సందులోంచి మాత్రం సన్నగా వెలుతురు వస్తుండేది. అది తాళాలమ్మ తనకోసం ఉంచుకున్నది.

"చిన్నప్పుడు ఎన్నిసార్లు అడిగినా నాన్న ఆకాశం చూపించలేదు. ఇప్పుడు టైము లేదమ్మా అనేవాడు. గోపురం తెరిచిన రాత్రి ఈ సొరుగు లాగుతాను. చుక్కలన్నీ ఉన్నచోటే నిలబడితే ఆయన కుర్చీలో కూర్చుని తీరిగ్గా చూస్తాను" అని ఆమె గడియారాలాయనకు ఒకసారి చెప్పింది.

ఆయన తల ఊపి పనిలో పడ్డాడు. గడియారం మొదటి నెలలోనే నడిచింది, కానీ రోజుకు దాదాపు నాలుగు నిమిషాలు ముందుకు పోయేది. లోలకం కింది మరను వెంట్రుకవాసి చొప్పున దించుతూ, రేడియోలో సమయం చెప్పినప్పుడల్లా సరిచూసుకుంటూ, మరో నెల కష్టపడి దారికి తెచ్చాడు.

"ఇప్పుడు సెకను కూడా తేడా లేదు" అన్నాడు గర్వంగా.

తాళాలమ్మ చాలాసేపు చెవి ఒగ్గి వింది. "నాన్నగారున్నప్పుడు కాస్త తొందరగా కొట్టుకునేది. అలాగేలే, నీకు తెలిసినంత నాకేం తెలుసు" అంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, నాలుగూ ఇరవైకి, గడియారాలాయనకు వదిన దగ్గర నుంచి ఫోను వచ్చింది.

"మీ అన్నయ్యను ఆసుపత్రిలో ఉంచాం. పొద్దుగూకే దాకా ఉండడం కష్టమంటున్నారు. నీ పేరే పలవరిస్తున్నాడు. వస్తావో రావో నీ ఇష్టం."

ఆయనకు పని నేర్పింది ఆ అన్నే. పదకొండేళ్ల కిందట అందరి ముందూ, "నీకు చెయ్యి ఉందిరా, చెవి లేదు" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఈయన, తండ్రి వాడిన భూతద్దం జేబులో వేసుకుని గడియారాల కొట్టు దిగిపోయాడు. మళ్లీ ఎక్కలేదు. ఆసుపత్రి ఉన్న పట్నానికి రెండు బస్సులు మారాలి, మొదటిది రేపు తెల్లవారితే గాని లేదు. ఫోను పెట్టేసి తాళాలమ్మకు సంగతి చెప్పాడు.

తాళాలమ్మ గుత్తిలోంచి చిన్న తాళంచెవి వెతికి తీసింది.

"వద్దమ్మా. అది మీ రోజు."

"నాది కాబట్టే ఇస్తున్నాను. ఆకాశం ఎక్కడికి పోతుంది? మీ అన్న పోతాడు." ఆమె సొరుగు తాళం తీసింది. "వడ్రంగి సైకిలు బయటే ఉంది. వాడికి నేను చెప్తాలే. సొరుగు లాగి పో."

ఆయన సొరుగు లాగి, పన్నెండు గంటల దారి తొక్కాడు. చేలల్లో గాలికి వంగిన పైరు వంగినట్టే ఉంది. ఒక ఇంటి ముందు కుళాయి నీళ్లు బిందెదాకా రాకుండా తాడులా నిలిచి ఉన్నాయి. ఎండ నాలుగూ ఇరవై దగ్గరే ఆగి, దారంతా ఆయన నీడ ఒకే వైపు పడింది.

ఆసుపత్రిలో వదిన గ్లాసు అందిస్తున్న చేత్తో అలాగే ఆగి ఉంది. అన్న మాత్రం కళ్లు తెరిచి చూస్తున్నాడు.

"అద్దం తెచ్చావా?"

గడియారాలాయన భూతద్దం తీసి అన్న అరచేతిలో పెట్టాడు. అన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ రోజుకు తొందరేమీ లేదు.

"ఇప్పుడేం పని చేస్తున్నావు?"

"వేధశాలలో పాత గడియారం. రోజుకు నాలుగు నిమిషాలు పరిగెడుతుంటే సరిచేశాను."

అన్న నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక తమ్ముడి మణికట్టు పట్టుకున్నాడు. "చుక్కల కోసం పెట్టినదాన్ని సూర్యుడికి సరిచేశావట్రా! చుక్క రోజూ ఆ నాలుగు నిమిషాలు ముందే వస్తుంది. దానికదే సరైన టైము. ఏడాదికి ఎంతవుతుందో లెక్కేసుకో."

గడియారాలాయన వేళ్ల మీద లెక్కేశాడు. ఒక రోజు. నలభై సొరుగులూ కళ్ల ముందు నిలిచాయి.

"చెవి లేదని ఊరికే అన్నానా" అన్నాడు అన్న. ఈసారి ఆ మాట గుచ్చుకోలేదు. మిగిలిన గంటల్లో వాళ్లు తండ్రి గురించీ, కొట్టు గురించీ మాట్లాడుకున్నారు. కాసేపు ఒకే మంచం మీద కునుకు తీశారు. రోజు అయిపోయి, వదిన చేతిలోని గ్లాసు కదిలి మంచం అంచున ఆనినప్పుడు, గోడ గడియారంలో నాలుగూ ఇరవై. పొద్దుగూకే వేళకు అన్న పోయాడు. చెయ్యి తమ్ముడి చేతిలోనే ఉంది.

పదిహేనో రోజున గడియారాలాయన గుట్టెక్కి, నేరుగా ఉత్తరపు గదికి వెళ్లి, దించిన మరను మళ్లీ పైకెక్కించాడు. పనుల పెద్ద వచ్చి చేతి గడియారంతో సరిచూసి కోప్పడ్డాడు. "ఇదేంటయ్యా, ముందుకు పోతోంది?"

"పోవాలి. ఇది మన కోసం పెట్టింది కాదు."

పనులు ముగిశాయి. గోపురం తెరిచిన రాత్రి తాళాలమ్మ అందరితోపాటు వరసలో నిలబడి, తన వంతు వచ్చినప్పుడు ఒక్క నిమిషం చూసి పక్కకు తప్పుకుంది. ఆకాశం ఆమె కోసం ఆగలేదు.

మర్నాడు రేకుల పనివాడూ వడ్రంగీ సామాను సర్దుకుని వెళ్లిపోయారు. గడియారాలాయన మాత్రం బయటి వసారాలో పక్క పరుచుకుని ఉత్తరపు గదికి వచ్చాడు.

"ఏడాది పడుతుందమ్మా" అన్నాడు.

"నాకు ఎనభై రెండు, నాయనా."

"తెలుసు. ఒక్క పూట కూడా కీ ఇవ్వడం మానను."

ఆమె చివరి సొరుగు కొద్దిగా లాగి చూసింది. అడుగున ఒక మూల, వేలి గోరంత వెలుతురు. చూసి, ఒలికిపోతుందేమో అన్నట్టు మెల్లగా మూసింది.

పొద్దున ఎనిమిదింటికి ఆమె తాళంచెవిని రెండుసార్లు కుడికి తిప్పి, తలుపును మోకాలితో పొడుస్తుంది. వెనక ఒక్క మనిషే ఉంటాడు. అయినా ఆమె "రండి నాయనా" అనే అంటుంది.