పాటలో అంజన్న కేక

నస్పూర్‌లో ఎలక్ట్రానిక్ పాటలు కట్టి విడుదల చేసే ‘బొగ్గుబాయి రికార్డ్స్’ భానుప్రసాద్‌ది. ఎవరైనా దొంగిలిస్తారన్న భయంతో పాటల్ని నెట్‌లోనూ ఉంచలేదు, కాపీలూ ఎక్కడా దాచలేదు. హార్డ్‌డిస్క్ పాడై పదేళ్ల కష్టమంతా పోయింది.

లక్సెట్టిపేటకు పరుగెత్తాడు. అక్కడ పెళ్లి బరాత్‌లలో పాటలు వేసే డీజే అంజన్న ఒకప్పుడు ఆ పాటల్ని అడగకుండా ఎక్కించుకుని, నడుమ తన పేరు అరిచి కలుపుకున్నాడు. అందుకు భాను అతని గల్లా పట్టుకున్నాడు కూడా.

“మళ్ల లొల్లికొచ్చినవా?” అన్నాడు అంజన్న.

“లేదన్నా. నా పాటలున్నయా, తీసేసినవా?”

అంజన్న పెన్‌డ్రైవ్ పెట్టాడు. బాక్సులు దద్దరిల్లాయి. అన్ని పాటలూ ఉన్నాయి. ప్రతిదాంట్లో “డీజే అంజన్నా!” అన్న కేకా ఉంది. భాను గుండె మీది బండ దిగింది.

“గా కేక తీసేద్దామా తమ్మీ?”

“ఉండనీయన్నా. కొత్త పాటలు గూడ ఎక్కించుకొని, వాటిల్ల గూడ జర నీ పేరు ఒర్రిపో.”