ఏడో నంబరు సీసా

జంతుశాస్త్రం ల్యాబు అటెండరుకీ, ఆ విభాగం హెడ్డుకీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఇరవై మూడేళ్లుగా ఆ గదిలో సీసాలు తుడిచి, జీవులు కుళ్లకుండా పోసే ఫార్మలిన్ మందు మార్చి, మూతలకు మైనం పెట్టిన మనిషి ఆమె. పిల్లలు సీసాలమ్మ అంటారు. హెడ్డు బదిలీ మీద వచ్చి ఆర్నెల్లయింది. తాను చదివింది ఈ కాలేజీలోనే అని రోజుకోసారి చెప్పుకుంటాడు. వచ్చిన వారానికే కంప్యూటర్లో చీటీలు కొట్టించి, రెండు రోజుల్లో సీసాలన్నిటి మీదా అంటించేశాడు. ఒక్క సీసా ఎత్తి వెలుతురులో చూస్తే ఒట్టు.

అక్కడే చెడింది. జానెడు పొడుగున, తెల్లగా పాలిపోయి ఉన్న ఒక జీవికి 'అనెలిడా' అని చీటీ పడింది. అంటే వానపాము, జలగల వర్గం. సీసాలమ్మ ఊరుకోలేకపోయింది.

"సార్, వానపాముకైతే ఒళ్లంతా ఉంగరాలు పేర్చినట్టు ఉంటుంది. దీనికేమో అయిదు వరసల్లో చిన్న చిన్న గొట్టం కాళ్లున్నాయి. ఇది సముద్ర దోసకాయ సార్. నక్షత్ర చేపకి చుట్టం."

పిల్లలు వింటున్నారు. హెడ్డు మొహం కందగడ్డయింది.

"కుక్క పని కుక్క చేయాలి, గాడిద పని గాడిద చేయాలి. నువ్వు తుడువు. పాఠం నేను చెప్తాను."

పిల్లలు గొల్లున నవ్వారు. ఆ నవ్వు ఆమెను ఆర్నెల్లుగా పొడుస్తూనే ఉంది.

ఆమె చదివింది పదో తరగతి. మిగతా విద్యంతా సీసాల్లోంచే వచ్చింది. ప్రతి సీసా లోపలా పెన్సిలుతో రాసిన చీటీ ఒకటి మునిగి ఉంటుంది. సిరా అయితే మందులో కరిగిపోతుంది మరి. మందు మార్చినప్పుడల్లా ఆ చీటీలు తీసి చదివేది. ఒళ్లంతా చిల్లులైతే స్పంజి. నోటి చుట్టూ కుట్టే పోగులుంటే జెల్లీ చేప. రిబ్బనులా పల్చగా ఉంటే బద్దెపురుగు, గుండ్రంగా నున్నగా ఉంటే ఏలికపాము. మెత్తటి ఒళ్లు మోస్తూ గుల్ల కట్టుకున్నది నత్త. కాళ్లకు కీళ్లుంటే చాలు, పీతా, తేలూ, బొద్దింకా అన్నీ ఒక ఇంటివే. ఒక్కదానికీ వెన్నెముక లేదు, ఒక్కటీ ఇంకోదానిలా లేదు. అంత లెక్క తెలిసిన మనిషిని హెడ్డు గాడిదన్నాడు.

పోయిన వారం ప్రాక్టికల్ పరీక్ష జరిగింది. బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి పైచీటీ కప్పించి, ఆ సీసానే ఏడో నంబరుగా పెట్టాడు. ముప్ఫై రెండు మందీ హెడ్డు చెప్పినట్టే రాశారు. ముప్ఫై రెండు మందికీ సున్నా పడింది. పిల్లలు వెళ్లి ప్రిన్సిపాల్ గది ముందు బైఠాయించారు. దొంగే దొంగ దొంగ అని అరిచినట్టు, హెడ్డు ఫిర్యాదు పెట్టాడు. అటెండరు తన మీద కక్షతో అసలు పురుగును తీసి, వేరే జీవిని పెట్టిందట. ఆమెను ఉద్యోగంలోంచి తీసెయ్యాలట.

సీసాలమ్మ చెల్లెలు అదే బిల్డింగు ఊడుస్తుంది. ఇవాళ పొద్దున్నే వరండాలో అక్క చెయ్యి పట్టుకుంది.

"తప్పయిందని సంతకం పెట్టెయ్యక్కా. ఆయనతో పెట్టుకుని నెగ్గుతావా?"

"చెయ్యని పనికి సంతకమేంటే? వదులు."

చెయ్యి విడిపించుకుని ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లేసరికి హెడ్డు అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నాడు.

ప్రిన్సిపాలమ్మ కాగితం, పెన్ను ముందుకు తోసింది. "తప్పు ఒప్పుకుంటే మెమోతో సరిపెడతా. లేదంటే ఈ ఫిర్యాదు పైకి పోతుంది. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదమ్మా."

"మొదట్నుంచీ ఈమెకి నేనంటే పడదు మేడమ్," అన్నాడు హెడ్డు, కాలు మీద కాలేసుకుని.

అది మాత్రం నిజమే.

ఆమె చూపు బల్ల మీది ఫిర్యాదు మీద పడింది. ఎప్పుడూ కంప్యూటరు తప్ప కలం ముట్టని మనిషి కోపంలో చేత్తో రాసినట్టున్నాడు. ప్రతి సున్నాలోనూ ఒక చుక్క ఉంది. ఆ చుక్కల్ని ఆమె ఏళ్ల తరబడి చూస్తోంది.

"ముందు ఆ సీసా తెప్పించండి మేడమ్. తర్వాత మీరు చెప్పినట్టే చేస్తాను."

సీసా వచ్చింది. మైనం గీకి మూత తీసేసరికి ఘాటుకి ముగ్గురి కళ్లూ మండాయి. ఆ జీవి వెనక గాజుకు అతుక్కున్న చీటీని ఆమె పట్టకారుతో లాగి, ఫిర్యాదు పక్కనే పరిచింది. ప్రిన్సిపాలమ్మ వంగి పైకే చదివింది.

"సముద్ర దోసకాయ. నక్షత్ర చేపల వర్గం, ఇకైనోడెర్మేటా. అయిదు వరసల గొట్టపు పాదాలు. తెచ్చినది, రోల్ నంబరు పద్దెనిమిది." కింద పంతొమ్మిదేళ్ల కిందటి తారీకు ఉంది.

"రెండిట్లోనూ సున్నాలు చూడండి మేడమ్. ఈ జీవిని తెచ్చి సీసాలో పెట్టింది ఎవరో అవే చెప్తాయి," అంది సీసాలమ్మ.

ప్రిన్సిపాలమ్మ చీటీ చూసింది, ఫిర్యాదు చూసింది, మళ్లీ చీటీ చూసింది.

"సున్నాలో చుక్క ఎవరైనా పెడతారు!" హెడ్డు లేచి నిలబడ్డాడు.

"పాత హాజరు పట్టీలు బీరువాలోనే ఉన్నాయి. ఆ ఏడాది పద్దెనిమిదో నంబరు ఎవరో తీయించమంటారా?"

హెడ్డు మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. ప్రిన్సిపాలమ్మ సీసాలమ్మ ముందున్న కాగితాన్నీ పెన్నునూ తీసి అతని ముందు పెట్టింది.

"పిల్లలు బయటే ఉన్నారు. తప్పు ఎవరిదో మీరే రాయండి."

సీసాలమ్మ చీటీని మళ్లీ మందులోకి జార్చి, మూత పెట్టింది. అతని మీద ఆమెకు జాలి కలగలేదు, కలగాలనీ అనుకోలేదు.

"ఆ అయిదు వరసల సంగతి నేను నేర్చుకుంది మీ చీటీ చదివే సార్," అంది. "ఆ రోజు పిల్లల ముందు మీ పాఠమే మీకు అప్పజెప్పాను."

సీసాను చంకన పెట్టుకుని బయటికి నడిచింది. మైనం కాచి మూత మళ్లీ బిగించాలి.