అడిగితే చాలు

“మంచినీళ్లున్నాయా?” అన్నాడు మొగుడు, ఫోనులోంచి తల ఎత్తకుండా. జవాబు చెప్పేలోపే ఆమె చేతిలో నిండు గ్లాసుంది. కుర్చీలోంచి ఎప్పుడు లేచిందో, ఫిల్టరు దాకా ఎవరు నడిచారో గుర్తులేదు. ఈమధ్య ఇదే వరస. “ఉప్పు తగ్గినట్టు లేదూ?” అని అత్తగారు గాలినడిగినా ఉప్పుడబ్బా నడిచొస్తుంది, దాని వెనక ఆమె చెయ్యి అతుక్కుని ఉంటుంది. “మా కోడలికి చెప్పక్కర్లేదు, అడిగితే చాలు,” అని ఆవిడ చుట్టాల దగ్గర మురిసిపోతుంది.

ఆమె ఆసుపత్రులకు ప్రోగ్రాములు రాస్తుంది. అక్కడా ఓ దయ్యం దూరింది. నర్సుల డ్యూటీ వేళలు చూపే తెరను ఎవరు తెరిచినా, తెరిచినప్పుడల్లా, డ్యూటీ మొదలయ్యే వేళ మరో అరగంట ముందుకొస్తోంది. తెల్లారి రావలసినవాళ్లు చీకట్లోనే వచ్చి గేటు దగ్గర నిలబడుతున్నారు. ఇది నమ్మని ఆసుపత్రి పెద్దసారు మళ్లీ మళ్లీ తెరిచి చూశాడు. కోడి కూడా లేవని వేళకు దిగింది డ్యూటీ.

ఆసుపత్రివాళ్లు డ్యూటీ వేళలు ఒక్కసారి అరగంట ముందుకు మార్చమంటే, ఏ పనైనా ఒక్క లైను కోడులో ఇరికించి టీములో ‘ఒంటిలైను వీరుడు’ అనే పేరు తెచ్చుకున్న సీనియరు, డ్యూటీలో ఎవరెవరున్నారని కంప్యూటర్ని అడిగే క్వెరీ కడుపులోనే ‘అరగంట జరుపు’ అని దాచాడు. తెర తెరిచిన ప్రతిసారీ క్వెరీ మళ్లీ అడుగుతుంది. అడిగిన ప్రతిసారీ జరుపుతుంది.

“అడిగేది అడగడమే చెయ్యాలి సార్. మార్చడానికి విడిగా, వరసగా అందరి దగ్గరికీ తిరిగొచ్చే లూపు పెట్టి, ఒక్కొక్కరినీ ఒక్కసారే మారుద్దాం,” అంది ఆమె ఆ వీరుడితో.

“ఒక్క లైనుకి లూపెందుకమ్మా? లూపులు మా అమ్మమ్మ రాస్తుంది.”

“ఆవిణ్ణే పిలవాల్సింది సార్. నర్సులు నిద్రపోయేవాళ్లు.”

లూపు రాసి, తెర తెరిచింది. మూసి, మళ్లీ తెరిచింది. అంకెలు కదల్లేదు. ఎంత చూసినా కదలకుండా, వాటి చోట అవి ఉన్నాయి. పెళ్లయిన కొత్తలో తను కూడా ఓ చోట ఉండేది కదా; అడిగినప్పుడల్లా కాస్త కాస్త జరిగి ఎక్కడికొచ్చింది? తన కడుపులో ‘జరుపు’ని దాచిందెవరు? ఇంకొన్నాళ్లు అడిగితే ఈ ఇంట్లో తనంటూ మిగులుతుందా?

ఆ సాయంత్రం మొగుడు మళ్లీ అన్నాడు, “మంచినీళ్లున్నాయా?”

ఆమె కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. “ఉన్నాయి.”

అతను తలెత్తాడు. “ఉంటే?”

“ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయి.”

అప్పుడు వంటింట్లో ఫిల్టరు కుళాయి తిప్పిన చప్పుడైంది, వెంటే అచ్చం తన గాజుల చప్పుడూ. గ్లాసు నిండుతోంది. మొగుడు ఇక్కడే ఉన్నాడు. ఎదురుగా అత్తగారు నోరు తెరుచుకుని ఉన్నారు. తనూ కుర్చీలోనే ఉంది.

ఆమె వంటింటి వైపు తిరిగి మెల్లగా పిలిచింది.

“చాల్లేవే తల్లీ. అదక్కడ పెట్టేసి, నువ్వూ వచ్చి కూర్చో.”